గొలుసు చప్పుడు ఆగేదాకా

బహుళ తదియ, ఉదయం ఆరు గంటలు

నీటి మట్టం రాసే గేజి పుస్తకంలో ఆఖరి గడి పేరు విశేషాలు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ గడిలో ‘లేవు’ అని రాస్తూ వచ్చాను. నిన్న లెక్కలమ్మగారు నా పాత పుస్తకాలు తిరగేసి, “పెద్దాయనా, ఇన్నేండ్లలో ఒక్క విశేషం గూడా లేకపాయనా నీకు?” అన్నారు. ఆవిడ వేరే పుస్తకం ఇచ్చి రోజూ నాలుగు ముక్కలు రాయమన్నారు. సాయంత్రం తనే చదువుకుంటారట. రాస్తున్నాను.

నా పేరు కొల్లాటి పరదేశి. అరవై నాలుగో గేటు లస్కరుని. కాలవకి ఇదే ఆఖరి గేటు. తరవాత కరకట్ట, దాని అవతల సముద్రం. ఇవతల పల్లపుపేట, మూడు వందల ఇళ్లు. సముద్రం పెరిగాక ఆ ఇళ్ల గుమ్మాలు దాని కంటే పల్లంలో పడ్డాయి.

ఇప్పుడు గేటు తిప్పడం నా పని కాదు. గేట్లు వాటంతట అవే తిరుగుతాయి. నేను నీటి మట్టం చూసే గేటు కన్ను తుడుస్తాను. ఈ రోజు కంటికి నాచు పట్టింది. గుర్రపుడెక్క రెండు తట్టలు తీశాను. కంటి మీద వాలుతున్న లకుముకిపిట్టని తోలాను. మళ్లీ వచ్చింది.

ఊపు మూడు అంగుళాలు. ఊపు అంటే గంటలో నీరు లేచి పడే ఎత్తు. గట్టు మీద తెల్లగీత ఉంది. ఊపు పద్దెనిమిదికి వస్తే నీరు ఆ గీత తాకుతుంది. తాకితే గండి పడుతుంది. మూడుకి భయం లేదు.

బహుళ పంచమి, ఉదయం తొమ్మిది గంటలు

లెక్కలమ్మగారి అసలు పేరు డాక్టర్ నస్రీన్. గేట్లు నడిపే లెక్క కట్టడానికి కాలవల బోర్డువాళ్లు పిలిపించారు. కడప పక్క మనిషి. ఇన్ని నీళ్లు ఒక్కచోట ఎప్పుడూ చూడలేదట. వచ్చిన కొత్తలో గట్టు మీద నడవాలంటే నా భుజం పట్టుకునేవారు. ఇప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని నా కంటే ముందు నడుస్తారు.

ఆవిడ రాకముందు బోర్డువాళ్లు కాలవ మొత్తానికీ ఒకే పెద్ద యంత్రం పెట్టి చూశారు. దానికి అన్నీ తెలియాలి. వాన ఎంత, గాలి ఎటు, ఏ మడిలో ఎంత నీరు, ఏ తూముకి ఎవరి వల అడ్డం పడింది. అన్నీ తెలుసుకుని అది ఆలోచించేలోపు నీళ్లు దిగువకి వెళ్లిపోయేవి. ఆవిడ దాన్ని తీయించేశారు. ప్రతి గేటుకీ చిన్న మెదడు పెట్టి రెండే మాటలు నేర్పారు. ఎగువన నీరు పెరిగితే కొంచెం తెరువు. దిగువన పెరిగితే కొంచెం మూయి.

అంతే. గేట్ల మీద పెద్ద గేటు లేదు. హుకుం లేదు. అరవై నాలుగో గేటుకి మొదటి గేటు అనేది ఒకటుందని కూడా తెలియదు. అయినా బారేజీ దగ్గర బయల్దేరిన నీరు ప్రతి మడికీ సరిగ్గా అందుతోంది.

నాకు నాట్లు గుర్తొచ్చాయి. ఇరవై మంది ఆడవాళ్లు వంగి వెనక్కి నడుస్తూ నాటుతారు. తాడు కట్టరు. ఎవరి పక్క చెయ్యి వాళ్లు చూసుకుంటారు. గట్టెక్కి చూస్తే వరస తిన్నగా ఉంటుంది. ఆ వరస ఎవరు పెట్టారంటే ఎవరూ పెట్టలేదు. ఈ మాట ఆవిడతో అన్నాను. నేను అంత పొడుగు మాట ఆడటం అదే మొదలు. ఆవిడ నవ్వలేదు. రాసుకున్నారు.

ఆవిడ దగ్గర అద్దపు పలక ఉంది. దాని మీద అరవై నాలుగు గళ్లు. గేటుకొక గడి. గేటు తెరిస్తే తెలుపు, మూస్తే నలుపు. “ఇది కాలవ గాదు పెద్దాయనా. కాలవ నీడ. నిజం కాలవను ఊరికే కదిలిస్తే ఊరు మునుగుతాది. నీడను ఎంత కదిలించినా ఎవురికీ తడి తగల్దు” అన్నారు.

ఆ నీడని మా పాత గేజి పుస్తకాల్లోంచే తీశారట. ఎక్కువగా నావి. “ఆరు, తొమ్మిది, పన్నెండు. అరవై నాలుగు మంది ఒక్క నిమిషం తేడా లేకుండా గేట్లు తిప్పినారు. మనుషులు ఇంత క్రమంగా ఉంటారని నాకు తెలీదు” అన్నారు. అందుకే తన గేట్లకీ అదే నేర్పారు. పది నిమిషాలకొకసారి అన్నీ ఒకేసారి కదులుతాయి.

నేను తల వంచుకున్నాను.

బహుళ సప్తమి, ఉదయం తొమ్మిది గంటలు

ఊపు ఐదు.

అరవై మూడో గేటు దగ్గర మేరీరత్నం ఉంటుంది. సామ్యేలు భార్య. సామ్యేలు పోయాక అతని పని ఆమెకిచ్చారు. ఇల్లు పల్లపుపేటలో, కట్టకి మొదటి వరసలో. నా వంతు మాటలు కూడా ఆమే మాట్లాడుతుంది. ఈ రోజు నేను కన్ను తుడుస్తుంటే వచ్చి, నోరు తెరిస్తే ఈగలు దూరతాయని భయమా అన్నయ్యా అని అడిగింది. లెక్కలమ్మ పుస్తకంలో మాత్రం పేజీలు నింపేస్తున్నావంట కదా అంది. ఎవరు చెప్పారో తెలియదు. ఆమెకి అన్నీ తెలుస్తాయి.

పది నిమిషాలకొకసారి కాలవ పొడుగునా మోటార్లన్నీ ఒకేసారి మూలుగుతాయి. బడిలో డ్రిల్లులా ఉంటుంది. మొదట్లో వినడానికి బాగుండేది.

మొదటి నలభై గేట్లూ ఆరు నెలలుగా ఆవిడ లెక్క ప్రకారమే నడుస్తున్నాయి. ఆఖరి ఇరవై నాలుగూ కిందటి పౌర్ణమి దాకా మనుషుల చేతుల్లో ఉన్నాయి. ఆ రోజు వాటినీ అప్పగించాం. మాలో తొమ్మిది మందిని ఉంచి మిగతావాళ్లకి దండలు వేసి పంపారు.

బహుళ అష్టమి, మధ్యాహ్నం పన్నెండు గంటలు

ఊపు ఎనిమిది.

అష్టమికి సముద్రం పోటు చాలా చిన్నది. చేపలవాళ్లు కూడా వేటకి బద్ధకిస్తారు. అంటే ఈ ఊపు సముద్రానిది కాదు. కాలవదే. ఇది ఆవిడకి నోటితో చెప్పాలి. సాయంత్రం చదువుతారు కదా అని రాస్తున్నాను.

బహుళ నవమి, ఉదయం ఆరు గంటలు

నిన్న రాసింది చదివి ఆవిడ పొద్దున్నే వచ్చారు. గట్టు మీద గోనెసంచి వేసుకుని కూర్చున్నారు. నేను తెచ్చిన మజ్జిగ తాగలేదు. పలక మీద గళ్లు చూపించారు. కిందటి నెల గళ్లు తెలుపూ నలుపూ కలిసి, బియ్యంలో మినుముల్లా ఉండేవి. ఇప్పుడు వరసంతా తెలుపు. పది నిమిషాలకి వరసంతా నలుపు. మళ్లీ తెలుపు.

అన్నీ ఒక్కసారే తెరిస్తే నీరంతా దిగువకి దూకుతుంది. ఎక్కువైందని అన్నీ ఒక్కసారే మూస్తాయి. తక్కువైందని మళ్లీ తెరుస్తాయి. ఏ గేటూ తప్పు చేయడం లేదు. ఒక్కోదాన్ని పట్టి చూస్తే చెప్పిన మాట సరిగ్గా వింటోంది. తప్పు ఎక్కడుందో ఆవిడకి అందడం లేదు. గేటు తక్కువ తెరిచేలా మార్చి చూశారు. ఊపు ఆగలేదు. పెరగడం కాస్త నెమ్మదించిందంతే.

ఊపు పది.

బహుళ ఏకాదశి, మధ్యాహ్నం పన్నెండు గంటలు

అరవై ఒకటో గేటు మోటారు నిన్న కాలిపోయింది. బాగయ్యేదాకా చేత్తో తిప్పమని నన్ను పంపారు. చక్రానికి నూనె రాశాను. చెయ్యి దానంతట అదే పని గుర్తుచేసుకుంది.

నిన్న ఊపు పన్నెండు. ఒక పూట నేను చక్రం తిప్పాక ఈ రోజు పది.

మేరీరత్నం కొలబద్ద దగ్గర రెండుసార్లు చూసి నా వైపు తిరిగింది. ఏం చేశావని అడిగింది. ఏమీ చేయలేదన్నాను. నిజమే, ఏమీ చేయలేదు. పక్క గేట్లు మూలుగుతున్నంతసేపూ చక్రం ముట్టుకోకుండా కూర్చున్నాను. పాత అలవాటు.

ఎందుకు తగ్గిందో నాకు తెలిసింది. సాయంత్రం ఈ పుస్తకం ఆవిడకి ఇవ్వను.

బహుళ ద్వాదశి, ఉదయం తొమ్మిది గంటలు

మోటారు బాగయింది. నన్ను మళ్లీ నా గేటుకి పంపారు. ఊపు పదమూడు.

ఆవిడ ఈ రోజూ నా పాత పుస్తకాలే ముందేసుకుని కూర్చున్నారు. ఇందులో ఎక్కడో ఉంది పెద్దాయనా, నాకే కనపడ్డం లేదు అన్నారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

చెప్పలేకపోయాను. ఈ పుస్తకంలో కూడా ఇంతకంటే రాయలేను.

బహుళ త్రయోదశి, ఉదయం తొమ్మిది గంటలు

ఊపు పదిహేను.

సూపరింటెండెంటు కృపానిధిగారు వచ్చారు. మంచి మనిషి. గట్టు మీదే అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. పెద్ద పోటు అమావాస్య నాడు కాదు, శుద్ధ విదియ నాడు వస్తుంది. ఇలాగే పెరిగితే ఆ రోజుకల్లా ఊపు పద్దెనిమిది దాటుతుంది. అందుకని రేపు మధ్యాహ్నం లెక్క ఆపించేస్తానన్నారు. మరి గేట్లు ఎవరు తిప్పుతారని మేరీరత్నం అడిగింది. ఉన్నది తొమ్మిది మంది. గేట్లు అరవై నాలుగు. ఆయన పల్లపుపేటవాళ్లని సామాన్లు సర్దుకుని మెరకకి వెళ్లమని దండోరా వేయిస్తానన్నారు.

లెక్కలమ్మగారు లేచి, తప్పు తన లెక్కదేనని, అదే రాసి సంతకం పెడతానని, ఎల్లుండి బండికి వెళ్లిపోతానని చెప్పారు. చెప్పులు వేసుకున్నారు. గట్టు మీద ఆవిడ చెప్పులు వేసుకుని నడవడం ఈ మధ్య చూడలేదు.

మేరీరత్నం నా పక్కకి వచ్చింది. ఈసారి వేళాకోళం లేదు.

“అన్నయ్యా, మా ఆయన ఎప్పుడన్నా ఆరింటికి చక్రం ముట్టుకోవడం నువ్వు చూశావా?”

నేను కొలబద్ద వైపు తిరిగాను.

“చుట్ట సగం కాలేదాకా లేచేవాడు కాదు. పుస్తకంలో మాత్రం ఆరు అని రాసేవాడు. అదేంటయ్యా అంటే, పరదేశి అలా రాయమన్నాడనేవాడు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?”

నేనే చెప్తానన్నాను.

త్రయోదశి, సాయంత్రం

ఎన్ని గంటలకో వేయడం లేదు. ఎందుకో కింద తెలుస్తుంది.

ఆవిడ గదిలో పెట్టె సర్దుకుంటున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి రమ్మన్నారు. వెళ్లలేదు.

“అమ్మా, ఆ పుస్తకాలు అబద్ధమండి” అన్నాను.

ఆవిడ చేతిలో బట్టలు పెట్టెలో పెట్టి నా వైపు చూశారు. ఇక ఆగితే మళ్లీ చెప్పలేనని ఒక్క బిగిన చెప్పేశాను.

గేజి పుస్తకంలో అచ్చు వేసిన గళ్లు ఆరు, తొమ్మిది, పన్నెండు, మూడు. వేరే టైముకి గడి లేదు. ఇంకేదైనా రాస్తే ఆలస్యం ఎందుకైందని పైనుంచి కాగితం వచ్చేది. నీటిని ఆరింటికే చూసేవాళ్లం. చక్రం మాత్రం ఆరింటికి ముట్టుకునేవాళ్లం కాదు. పాతవాళ్లు నేర్పిన పద్ధతి వేరే ఉంది. ఎగువ గేటుని ఎత్తే గొలుసు మోగుతుంటే దిగువవాడు చెయ్యి ఆపాలి. చప్పుడు ఆగేదాకా ఆగాలి. ఆగాక నీటిని ఇంకోసారి చూడాలి. అప్పటికీ తిప్పాలనిపిస్తే తిప్పాలి. చాలాసార్లు అక్కర్లేకుండానే పోయేది. ఆ ఆగడం ఒక్కొక్కడిది ఒక్కో తీరు. సామ్యేలుది సగం చుట్ట. యాభై ఎనిమిదో గేటు వెంకన్న కాలవలో మొహం కడుక్కుని తుడుచుకునేదాకా. నేను ఊరికే కూర్చునేవాణ్ని. ఏ ఇద్దరి చక్రాలూ కలిసి తిరిగేవి కాదు. పుస్తకంలో మాత్రం అందరం ఆరు అని రాసేవాళ్లం.

“కొత్తగా వచ్చిన ప్రతి లస్కరుకీ అలా రాయమని నేర్పింది నేనేనండి. మీరు మెచ్చుకున్నారు. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గేసింది.”

తిడతారనుకున్నాను. లేచి మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా లాగారు. అందులో పాత కాగితం చుట్టలు. నలభయ్యో లాకు దగ్గర ఒకప్పుడు డ్రమ్ము తిరిగే యంత్రం ఉండేది. నీటి మట్టాన్ని పెన్నుతో దానంతట అదే గీసేది. ఆ గీతలున్న కాగితాలు. ఒకటి నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని వేలితో చూపించారు. గీతలో చిన్న చిన్న మెట్లు. ఒకటి ఆరూ పన్నెండుకి. ఒకటి ఆరూ ఇరవై ఆరుకి. ఒకటి ఆరూ నలభైకి.

“మీ పుస్తకాలతో కలవలేదని దీన్ని చెడిపోయిన యంత్రం అనుకొని మంచం కిందకి తోసినా. నా చదువంతా యంత్రాలది. జన్మలో ఒక్కసారి మనిషి మాట నమ్మి యంత్రాన్ని తప్పు పట్టినా. చూడు, ఆ ఒక్కసారీ ఏమాయనో.”

తప్పైపోయిందన్నాను. ఆవిడ వినలేదు. పలక తీసుకున్నారు.

“ప్రతి గేటుకూ ఒక చుట్ట ఇస్తా పెద్దాయనా. ఏ గేటు చుట్ట ఎంతసేపు కాలాలనో చీటీ తీసినట్ల దానికదే తేల్చుకుంటాది. పక్క గేటు కదుల్తాంటే ఆగుతాది. ఇంకా ఏమన్నా ఉంటే చెప్పు.”

“నీటిని రెండోసారి చూడాలండి.”

“అదీ పెడతా.”

గుమ్మంలో నిలబడి ఆ పలక చూశాను. ఏడో క్లాసు చదివినవాణ్ని. ఆ లోపలి లెక్క నాకు ఏం తెలుస్తుంది. కానీ చూసింది చూసినట్టు రాయగలను. మొదట వరసంతా తెలుపు, వరసంతా నలుపు, తెలుపు, నలుపు. చర్చిలో చప్పట్లలా. చప్పట్లు కూడా మొదట తలో తీరుగా పడతాయి, రెండో చరణానికి ఒకటైపోతాయి. పాటకి మంచిదే. నీటికి కాదు. ఆవిడ చుట్టలు పంచాక ఒక గడి వెనకబడింది. ఇంకోటి ముందుకెళ్లింది. కాసేపు అంతా గందరగోళం. తరవాత ఆ గందరగోళమే నెమ్మదించి, గళ్లు ఒకటీ అరా మెరుస్తూ, పొద్దుటి పూట గాలి లేని కాలవలా పరుచుకుంది.

అరవై నాలుగు మంది పాతవాళ్లు ఆ పలకలో కూర్చున్నారు. సామ్యేలు కూడా. వాళ్లని పుస్తకంలోంచి నేను చెరిపేశాను. ఆవిడ మళ్లీ రాశారు.

బహుళ చతుర్దశి

కృపానిధిగారికి పలక చూపించాం. నన్నూ చెప్పమన్నారు. చెప్పాను. రెండోసారి చెప్పడం కొంచెం తేలిక.

ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు తిప్పితే నీరు కుదురుకుంటుందంటారా అని ఆయన అడిగారు. అవునన్నారు ఆవిడ. ఇది పలక మీద, కాలవలో కుదరకపోతే ఏమిటన్నారు. రేపు సాయంత్రానికల్లా తగ్గకపోతే మీరే ఆపేయండి అన్నారు ఆవిడ. ఆయన చాలాసేపు కట్ట కింద ఇళ్ల వైపు చూశారు. తరవాత జేబులోంచి పెన్ను తీశారు.

“నా సర్వీసులో ఆలస్యం చేయమని ఉత్తరువు ఇవ్వడం ఇదే మొదలు.”

దండోరా మాత్రం ఆపలేదు. జనం మెరకకి వెళ్తున్నారు. మేరీరత్నం కోళ్ల గంప పంపింది కానీ తను వెళ్లలేదు. సామ్యేలు ఫొటో గోడకే ఉంచింది. చుట్టలు ఆయనవే కదా, ఉండి చూడనీ అంది.

మధ్యాహ్నం లెక్క మార్చారు. మోటార్లు ఒక్కసారి మూలగడం ఆగింది. ఒకటి ఇక్కడ, కాసేపటికి ఒకటి అక్కడ. కాలవ పొడుగునా ఎవరో తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నట్టు వినిపించింది.

సాయంత్రం ఊపు పదిహేను. తగ్గలేదు.

అమావాస్య

పొద్దున్న పద్నాలుగు. కృపానిధిగారు గడియారం చూసుకుంటూ కట్ట మీద అటూ ఇటూ తిరిగారు. ఆవిడ కొలబద్ద వైపు చూడటం మానేసి నా వైపు చూశారు. ముసలి లస్కర్లు కూడా కొత్త నీటికి అలవాటు పడటానికి ఒక రోజు తీసుకుంటారండి అన్నాను. అది ధైర్యం చెప్పడానికి అన్న మాట. నాకూ తెలియదు.

మధ్యాహ్నం పదకొండు. సాయంత్రం తొమ్మిది.

కృపానిధిగారు గడియారం జేబులో పెట్టుకున్నారు. మజ్జిగ ఉందా అని అడిగారు. లెక్కలమ్మగారు కూడా తాగారు. రెండు గ్లాసులు.

శుద్ధ పాడ్యమి

ఆరు. లెక్కలమ్మగారి బండి నిన్ననే వెళ్లిపోయింది. ఆవిడ ఎక్కలేదు.

ఈ ఆగడం అనేదానికి లెక్కలో ఒక పేరు పెట్టాలట. పరదేశి అని పెడతానన్నారు. వద్దని చెయ్యి ఊపాను. మరేం పెట్టాలన్నారు. మేరీరత్నం వైపు చూశాను. చుట్ట అని పెట్టండి, కాల్చి కాల్చి పోయాడు, పేరన్నా మిగలనీ అంది ఆమె. నవ్వుతూనే అంది. తరవాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ చుట్ట అనే రాసుకున్నారు.

శుద్ధ విదియ, ఉదయం ~~ఆరు గంటలు~~ ఆరు దాటి ఇరవై మూడు నిమిషాలు

పెద్ద పోటు వచ్చింది. కట్ట అవతల సముద్రం నా ఛాతీ ఎత్తున నిలబడింది. ఇవతల కాలవలో ఊపు మూడు. తెల్లగీత పొడిగా ఉంది. గీత మీద లకుముకిపిట్ట కూర్చుంది. తోలలేదు.

ఎగువన అరవై మూడో గేటు మూలిగింది. నా గేటు ఆగింది. ఆ మూలుగు ఆగాక, నీటిని ఇంకోసారి చూసి, కదలకుండా ఊరుకుంది. నేనైనా అదే చేసేవాణ్ని.

పల్లపుపేటవాళ్లు మెరక దిగి వస్తున్నారు. కోళ్ల గంప ముందు వచ్చింది.

గేజి పుస్తకం కూడా రాశాను. ఆరు అని అచ్చు వేసిన గడిలో ఆరు దాటి ఇరవై మూడు నిమిషాలు అని వేశాను. అంత మాటకి ఆ గడి చాల్లేదు. విశేషాల గడిలోకి జరిగింది.